ఇంటర్వెల్ దాకా నాన్న

నాన్నకి,

నీ కూతురు నమస్కరించి రాస్తున్న సంగతులు. ఇక్కడ నేను బాగున్నాను, నా జలుబు నాకంటే బాగుంది. అక్కడ నువ్వూ, అమ్మా, బాబాయీ, ఇస్త్రీ పెట్టెలు రెండూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఈ ‘కులాసా’ అనే మాట ఈమధ్యే నాకు బాగా నచ్చింది. ఎక్కడ సందు దొరికితే అక్కడ వాడేస్తున్నాను, ఏమీ అనుకోకు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు రాస్తాను. లేకపోతే వచ్చే ఉత్తరంలో మళ్ళీ అవే అడుగుతావు.

వేళకి తింటున్నాను. నిద్రపోతున్నాను, ఒక్కోసారి క్లాసులో కూడా. మనది లాండ్రీ అని హాస్టల్లో ఎవరికీ చెప్పొద్దన్నావు కదా, నేను చెప్పలేదు. కానీ నేను కాలరు మడిచిన తీరు చూసి పక్కగది అమ్మాయి పట్టేసింది. ఇప్పుడు ఆదివారం వస్తే నా గది మన కొట్టుకి బ్రాంచిలా ఉంటుంది. బదులుగా వాళ్ళంతా నా సినిమాలో జనం గుంపుగా నిలబడతామని మాటిచ్చారు. నా సినిమాలో జనం గుంపు లేదు. ఆ మాట చెప్పలేక ఇస్త్రీ చేస్తూనే ఉన్నాను.

కెమెరా ముట్టుకోనిచ్చారా, ఇంకా పాఠాలేనా అన్నావు. ముట్టుకున్నాను. తడిసిన దుప్పట్ల మూటంత బరువుంది. మొదటి రోజు మూత తీయకుండానే చాలాసేపు తీశాను. మా క్లాసులో కెమెరా నేర్చుకునే కుర్రాడు ఒకడున్నాడు, పొడుగు వల్ల వాణ్ణి అందరూ నిచ్చెన అంటారు. అదంతా ఓపిగ్గా చూసి, “చీకటి చాలా బాగా వచ్చింది” అన్నాడు.

సినిమావాళ్ళతో జాగ్రత్త అని అమ్మ రాయించింది. ఇక్కడ సినిమావాళ్ళంటే మేమేననీ, ఒకళ్ళని చూసి ఒకళ్ళం భయపడేంత గొప్పవాళ్ళం ఇంకా కాలేదనీ చెప్పు. సినిమా రెండో సగం తీయడం ఎప్పుడు నేర్పుతారని బాబాయి అమ్మచేత అడిగించాడు కదా. రెండో ఏడాదిలోనట. ఈ జవాబు కూడా అమ్మచేతే చెప్పించు. నువ్వెలాగూ చెప్పవు.

పోయిన ఉత్తరంలో వాతావరణం గురించి పేజీన్నర రాశాను. నీకు అప్పుడే అనుమానం వచ్చి ఉండాలి. మబ్బుల గురించి నేను అంతసేపు మాట్లాడే మనిషిని కాదు. చెప్పాల్సింది వేరే ఉండి, దాని చుట్టూ తిరిగాను. ఈసారి చెప్పేస్తాను. కానీ మొదట్నుంచి చెప్పనివ్వు. తెలిసినవాళ్ళకి చెప్పేటప్పుడు కూడా ఏమీ తెలియనివాళ్ళకి చెప్పినట్టే చెప్పాలని మా మాస్టారు అలవాటు చేశారు. కాబట్టి నీ కథే నీకు చెబుతున్నానని విసుక్కోకు.

ఇక్కడ సీటు కోసం ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు, నన్ను సినిమావైపు లాగిన సినిమా ఏదని అడిగారు. నేను దీపస్తంభం కాపలాదారు సినిమా చెప్పాను. నువ్వు నాకు ఎన్నిసార్లు చెప్పావో అన్నిసార్ల ప్రాణమూ పెట్టి చెప్పాను. తుఫాను రాత్రి దీపం ఆరిపోవడం, నూనె డబ్బా పట్టుకుని ఆయన మెట్లెక్కబోవడం, గాలికి దీపం మళ్ళీ మళ్ళీ ఆరిపోతుంటే ఊళ్ళో జనం తలా ఒక లాంతరు తీసుకొచ్చి సముద్రపు రాళ్ళ మీద వరసగా నిలబడటం, తెల్లారి కాపలాదారు కిందికి దిగి వాళ్ళందరి మొహాలూ ఒక్కొక్కటే చూడటం. చెప్పడం అయ్యాక అక్కడున్న పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నాకు సీటొచ్చింది. ఆయనే ఇప్పుడు మాకు పాఠం చెప్పే మాస్టారు. ఏ సంగతి వచ్చినా ముందు కళ్ళజోడు తుడుస్తారని తర్వాత తెలిసింది. నేను మాత్రం అది నా గొప్పే అనుకున్నాను.

మొన్నామధ్య మాస్టారు ఆ సినిమానే క్లాసులో వేశారు. నేను ముందురోజే అందరికీ చెప్పి పెట్టాను, చేతిరుమాళ్ళు తెచ్చుకోమని. నిచ్చెన రెండు తెచ్చుకున్నాడు. సినిమా నడుస్తున్నంతసేపూ పక్కవాళ్ళని మోచేత్తో పొడుస్తూ, ఆగండి, అసలుది ముందుంది అంటున్నాను. మొదటి సగం నువ్వు చెప్పింది చెప్పినట్టే ఉంది నాన్నా. ఆయన టోపీ, కుంటి పిల్లి, మూడో మలుపు దగ్గర వదులైన ఇనప మెట్టు, రోజూ దాన్ని దాటుకుంటూ “రేపు చూద్దాం” అనడం, అన్నీ ఉన్నాయి. తుఫాను వచ్చింది. దీపం ఆరింది. ఆయన మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు, ఇంటర్వెల్.

తర్వాత ఆయన ఆ వదులు మెట్టు మీద కాలు వేసి పడిపోయాడు. చచ్చిపోయాడు. మిగతా సగమంతా ఆయన లేకుండా ఊరు ఎలా ఉందన్నదే. చివర్లో కొత్త కాపలాదారు వస్తాడు, పెట్టె కింద పెట్టి, ముందుగా ఆ మెట్టు బిగిస్తాడు. అయిపోయింది.

లైట్లు వేశారు. క్లాసు మొత్తం తిరిగి నావైపు చూసింది. రుమాళ్ళు అందరి చేతుల్లోనూ పొడిగా, మడత విప్పకుండా ఉన్నాయి.

“లాంతర్లేవమ్మా?” అన్నారు మాస్టారు.

“మా నాన్న చెప్పాడండీ,” అన్నాను.

ఆ నవ్వు గురించి రాయను. నేను అడిగాను, ఇంటర్వ్యూ రోజునే తప్పని మీకు తెలుసు కదా, ఎందుకు దిద్దలేదని. ఆయన కళ్ళజోడు తుడిచి, అంత బాగున్న తప్పుని దిద్దడానికి మనసొప్పలేదన్నారు. ఆ తర్వాత అన్న మాటే నన్ను పట్టుకుంది.

“మొదటి సగం సినిమావాడిది. రెండో సగం మీ నాన్నది. మరి నీదేదమ్మా?”

ఏడాది చివర మేం తలా ఒక చిన్న సినిమా తీసి చూపించాలి. అది నచ్చితేనే దర్శకత్వంలో ఉండనిస్తారు, లేకపోతే ఖాళీ ఉన్న విభాగానికి పంపేస్తారు. నేను కథ మీద కథ రాసి పట్టుకెళ్ళాను. మొదటిది “విషాదం వెల్లువై పొంగిన ఆ సాయంత్రం” అని మొదలైంది. మాస్టారు చదివి, వెల్లువ ఎక్కడ తీస్తావు, బకెట్లోనా, పంపు దగ్గరా అని అడిగారు. కెమెరాకి విశేషణాలు కనబడవన్నారు. రెండో కథలో ఒకమ్మాయి కిటికీ దగ్గర నిలబడి జీవితం గురించి ఆలోచిస్తుంది. “ఈ ఏడు ఆ కిటికీ దగ్గర క్లాసులో సగం మంది తలా ఒక అమ్మాయిని నిలబెట్టారు. గోడ కూలుతుంది,” అన్నారు. మూడోది నేనే చింపేశాను. మాటలంటే ఇంత ఇష్టం పెట్టుకుని, మాటలు తీసేస్తే నా దగ్గర ఏమీ మిగలకపోవడం చాలా అవమానంగా ఉంది నాన్నా. ఆ పూట ఎవరి బట్టలో ఇస్త్రీ చేస్తూ ఏడ్చాను. నీళ్ళు చల్లే పని తప్పింది.

ఆ ఇస్త్రీ దగ్గరే కథ దొరికింది. పెద్ద దుప్పటి ఒకటి వచ్చింది, ఒక్కదాన్నే మడవలేక పక్కగది అమ్మాయిని రెండో కొస పట్టుకోమన్నాను. ఆమె పట్టుకోగానే నా నోరు దానంతట అదే ఒక సినిమా కథ మొదలుపెట్టింది. మనింట్లో దుప్పటి మడవడమంటే సినిమా చెప్పుకోవడమే కదా.

అదే రాసుకెళ్ళాను. సినిమా హాలు పక్కన ఒక లాండ్రీ. హాలు కుర్చీల గలేబులు ఉతుకుతారు కాబట్టి ఆ అన్నదమ్ములకి మూలకుర్చీ ఒకటి ఎప్పుడూ ఉచితం. ఒకటే కుర్చీ, కొట్టు వదిలి ఇద్దరూ వెళ్ళలేరు, ఏ సినిమా వదులుకోవడానికీ ఇద్దరికీ మనసు రాదు. అందుకని ఇంటర్వెల్ దాకా అన్న, ఇంటర్వెల్ తర్వాత తమ్ముడు. అన్నకి ఏ సినిమాలోనూ విలన్ ఏమయ్యాడో తెలియదు. తమ్ముడికి ఏ సినిమాలోనూ హీరో తల్లి ఎవరో తెలియదు. సాయంత్రం దుప్పట్లు మడిచేటప్పుడు ఆ కొసన అన్న మొదటి సగం చెబుతాడు, ఈ కొసన తమ్ముడు రెండో సగం అందుకుంటాడు, మడత పూర్తయ్యేసరికి సినిమా కూడా పూర్తవుతుంది. ఒకరోజు తమ్ముడు చెప్పిన ముగింపు అన్నకి నచ్చదు. అబద్ధం అంటాడు. అక్కడితో మాటలు పోతాయి. దుప్పట్లు మాత్రం మడుస్తూనే ఉంటారు.

మాస్టారు చదివి, కళ్ళజోడు తుడవకుండానే, తియ్యి అన్నారు.

తీయడం గురించి రాస్తే నువ్వు నవ్వుతావు. అన్న వేషానికి ఒక బస్సు కండక్టరుగారు దొరికారు, సెలవు రోజుల్లో నాటకాలు వేస్తారు. మంచి నటులు, కానీ ఎవరైనా దగ్గరికి వస్తే “లోపలికి జరగండి” అనడం ఆయన వశంలో లేదు. తమ్ముడి వేషం మందులషాపాయనది. ఇద్దరికీ దుప్పటి మడవడం రాదు. ఒకాయన కుడికి తిప్పితే ఇంకొకాయనా కుడికే తిప్పి, దుప్పటి మెలితిరిగి తాడైపోతోంది. పొద్దున్నంతా నేను దర్శకత్వం చేయలేదు, మడతలు నేర్పాను. తమ్ముడు కొసలు కలపడానికి దగ్గరకొచ్చిన ప్రతిసారీ కండక్టరుగారు జరగండి అంటున్నారు. కిందపడి మాసినవి నేనే ఉతికాను. నిచ్చెన ఆరేశాడు, వాడికి తీగ అక్కర్లేదు.

ఇక గొడవ పడే దృశ్యం. అది నాకు గుర్తున్నది గుర్తున్నట్టే రాశాను. నేను అప్పుడు చాలా చిన్నదాన్ని, కొట్లో మూట మీద పడుకుని సగం నిద్రలో విన్నాను. బాబాయి, ఆ కాపలాదారు చచ్చిపోయాడని చెప్పాడు. నువ్వు, అంత మంచివాణ్ణి ఎందుకు చంపుతారు, కునుకు తీసి కల కని ఉంటావు అన్నావు. నేనూ అదే నమ్మాను. బాబాయి తన కళ్ళతో చూశానన్నాడు. అప్పుడు నువ్వు, “చూస్తూ ఊరుకున్నావా?” అన్నావు. ఆ మాట నాకు భలే నవ్వొచ్చేది. తెర మీద చచ్చేవాణ్ణి బాబాయి వెళ్ళి ఎలా ఆపుతాడు! స్కూల్లో కూడా అందరికీ చెప్పి నవ్వించాను. సినిమాలో కూడా జనం అక్కడ నవ్వాలని రాసుకున్నాను.

కండక్టరుగారు ఆ మాట దగ్గర ఆగిపోయారు. ఎంతకీ అనరు.

“ఇది నాకు పట్టుబడటం లేదమ్మాయీ,” అన్నారు. “సినిమాలో పోయినవాడి కోసం సొంత తమ్ముణ్ణి ఇంత మాట ఎవడూ అనడు. ఈయనకి ఇంకేదో ఉంది. ఏంటది?”

దర్శకురాలిని నేను. నన్నే అడగాలి కదా. ఆలోచించి చెబుతానని దుప్పట్ల వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. అసలు ఆ వేళప్పుడు నేను కొట్లో మూట మీద ఎందుకు పడుకున్నానన్నది మొదటిసారి అప్పుడు ఆలోచించాను నాన్నా. ఇంట్లో అమ్మ లేదు కాబట్టి. అమ్మ ఆసుపత్రిలో ఉంది. మర్నాడు పొద్దున్నే ఆపరేషను. అమ్మని చూడ్డానికి అమ్మమ్మ నన్ను తీసుకెళ్ళినప్పుడు డాక్టరుగారు నీతో ఏదో చెబుతున్నారు, నువ్వు తలూపుతూ నా జడ విప్పి మళ్ళీ అల్లావు, తప్పుగా అల్లావు. రాత్రికి మగవాళ్ళు అక్కడ ఉండకూడదని పంపేశారు. నువ్వు కొట్లో అటూ ఇటూ తిరుగుతుంటే, కాసేపు సినిమాకైనా వెళ్ళి కూర్చోమని బాబాయే నిన్ను తోశాడు. నువ్వు ఇంటర్వెల్ దాకా కూర్చుని, మెట్టు మీద కాలు పెట్టిన మనిషిని అలాగే వదిలేసి వచ్చావు. ఆయన పైకెక్కాడో లేదో బాబాయి వచ్చి చెప్పాలి. బాబాయి వచ్చి, పోయాడన్నాడు.

మర్నాడు అమ్మకి అంతా బాగానే జరిగింది. కొన్నాళ్ళకి ఇంటికొచ్చింది. వచ్చేసరికి మీ ఇద్దరికీ మాటల్లేవు. కాలిపోయిన కోటు ఏదో మీ మధ్య గొడవకి కారణమని అమ్మ ఇప్పటికీ నమ్ముతోంది. పెట్టె వేడెక్కిందని వాడితో చెప్పు, గంజి అయిపోయిందని ఆయనతో చెప్పు అంటూ మీరిద్దరూ ఆమెని నిలువునా టెలిఫోను చేసేశారు.

ఆ మాట ఎందుకన్నావో నువ్వు ఎవరికీ చెప్పలేదు. బాబాయికి ఇప్పటికీ తెలియదు, తెలిస్తే ఎప్పుడో తనే వచ్చి మాట్లాడేవాడు. నాకు చెప్పవలసిందీ కాదు. నాకు నువ్వు లాంతర్లు చెప్పావు.

ఇదిగో, పేజీన్నర మబ్బుల వెనక దాచింది ఇదే. నేను ఇదంతా కండక్టరుగారికి చెప్పేశాను. నువ్వు ఇంత కాలం ఎవరికీ చెప్పని మాటని, ఒక పరాయి మనిషికి, నిచ్చెన వింటుండగా, నా సినిమా కోసం చెప్పేశాను. చెప్పేటప్పుడు తప్పనిపించలేదు. అనిపించి ఉంటే బాగుండేది.

ఆయన వెళ్ళి దుప్పటి కొసలు పట్టుకున్నారు. కెమెరా తిరిగింది. మందులషాపాయన తన మాట అన్నాడు. కండక్టరుగారు మడవబోతున్నట్టు దుప్పటి పైకెత్తి, మొహానికి అడ్డంగా పట్టుకుని, అలాగే ఉండిపోయారు. “చూస్తూ ఊరుకున్నావా?” అన్న మాట దుప్పటి వెనకనుంచి వచ్చింది. చాలా మామూలుగా వచ్చింది. ఎవరూ నవ్వలేదు. నిచ్చెన ముక్కు ఎగబీల్చిన చప్పుడు కూడా రికార్డయింది. తీసేయమంటే తీసేయనంటున్నాడు, అది తన నటనట.

మాస్టారు చూసి, లేచి, ఇది నీది అన్నారు. కళ్ళజోడు బల్ల మీదే మర్చిపోయి వెళ్ళిపోయారు. పరిగెత్తుకెళ్ళి ఇచ్చాను.

కానీ అది నాది కాదు నాన్నా. నీది. అందుకే నిన్ను అడగాలి.

వచ్చే నెల పెద్ద హాల్లో మా సినిమాలన్నీ వేస్తున్నారు. ఇళ్ళవాళ్ళని పిలవమన్నారు. బాబాయి వస్తానని అమ్మచేత అప్పుడే కబురు పెట్టాడు, కొత్త చొక్కా కూడా కుట్టించుకుంటున్నాడట. నువ్వు వద్దంటే ఆ దృశ్యం తీసేస్తాను. అది తీసేస్తే సినిమా నిలబడదని నాకు తెలుసు, మాస్టారికి ఇంకా బాగా తెలుసు. అప్పుడు నన్ను ధ్వని విభాగానికి పంపుతారు, అక్కడ ఒక ఖాళీ ఉందట. ధ్వని కూడా మంచిదే. కాగిన పెట్టె మీద నీటిచుక్క పడితే వచ్చే చప్పుడు నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఈ క్లాసులో లేరు. నేను ఏడవను. ఏడ్చినా ఇస్త్రీకి పనికొస్తుంది. నిజంగా నీకు ఇష్టం లేకపోతే వద్దని ఒక్క ముక్క రాయి, ఎందుకని కూడా అడగను.

సరేనంటే మాత్రం ఒక పని చెయ్యాలి. ఈ సంగతి బాబాయికి తెర మీద తెలియకూడదు. హాల్లో చీకట్లో, జనం మధ్యలో, కొత్త చొక్కాతో కూర్చుని తెలుసుకోవాల్సిన విషయం కాదిది. నీ నోటితో తెలియాలి. రెండే మాటలు. ఒకటి, “నువ్వు చెప్పిన ముగింపే నిజం” అని బాబాయితో అను. అది నేను నా కళ్ళతో చూసి రాస్తున్నాను, మెట్టు బిగించే కొత్తాయనతో సహా. రెండోది, “ఆ వేళ నాకు భయమేసింది.” ఇంతే.

ఈ మాటలు అమ్మచేత చెప్పించడానికి వీల్లేదు. అమ్మకి కూడా నిజం తెలియాల్సిందే, కానీ తర్వాత. కోటు విషయంలో ఇన్నాళ్ళూ ఎవరిని తిట్టుకుందో, వాళ్ళకి క్షమాపణ చెప్పుకుంటుంది.

నేను నీకు దర్శకత్వం చేస్తున్నానని అనుకోకు. కానీ మధ్యాహ్నం పూట చెప్పు, కొట్లో రద్దీ ఉండదు, వెలుతురూ బాగుంటుంది. కూర్చుని చెప్పకు, కూర్చుంటే నువ్వు లేవవు. బాబాయి మొహంలోకి చూడలేకపోతే చెవి దగ్గర చూడు, కెమెరాలో అదీ ఇదీ ఒకేలా ఉంటాయి. ఏదో వంక పెట్టి నవ్వేయాలనిపిస్తుంది, నవ్వకు. ఆయన నవ్వితే నవ్వనీ. ముందే మాటలు వల్లె వేసుకుని వెళ్ళకు, వల్లె వేసినట్టు తెలిసిపోతుంది. మధ్యలో ఆగిపోయినా కంగారుపడకు నాన్నా. అక్కడ కట్ చెప్పేవాళ్ళెవరూ ఉండరు, కాస్త ఆగి అక్కణ్ణుంచే మళ్ళీ చెప్పొచ్చు.

ఇట్లు,
నీ జవాబు కోసం కెమెరాకి మూతపెట్టి కూర్చున్న
నీ చిన్నది